ఎరువు తెచ్చుకున్న ఆలోచనలు

ఒకరు కనిపెట్టిన ఆలోచనను ఇంకొకరు తీసుకొని వాడుకుంటే తప్పా? పరీక్షలో పక్కవాడి పేపర్ చూసి రాయడం తప్పు అని ఒకటో తరగతి పిల్లలకు కూడా తెలుసు. కానీ పక్కవాడు లెక్క చేసే పద్ధతి చూసి, అర్థం చేసుకొని, మన లెక్క మనమే చేస్తే దాన్ని చదువు అంటారు. రెండింటిలోనూ చూసింది పక్కవాడినే. మరి తప్పుకూ చదువుకూ నడుమ గీత ఎక్కడ పడుతుంది?

ఈ ప్రశ్న మా బడిలో ఊరికే పుట్టలేదు. మా కంప్యూటర్ గదిలో 14 కంప్యూటర్లు ఉన్నాయి. అన్నిట్లో విండోస్ 10 ఉండేది. మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ ఆపేసింది. విండోస్ 11 వేద్దామంటే మా కంప్యూటర్లు పాతవి. దానికి కావలసిన టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు వీటిలో లేదు. బాగా పనిచేసే కంప్యూటర్లను పారేసేకి మనసు రాదు, కొత్తవి కొనేకి డబ్బు లేదు. అప్పుడు మా కంప్యూటర్ మేడమ్ ఒక కంప్యూటర్‌లో లినక్స్ మింట్ వేసి చూపించినారు. కింద ఎడమ పక్క మెనూ బటన్, కింద పొడుగునా పట్టీ, కుడి మూలలో గడియారం. అంతా మాకు అలవాటైన విండోస్ మాదిరే ఉంది.

మా తరగతి స్నేహితుడు ఒకడు వెంటనే అన్నాడు: “మేడమ్, ఇది విండోస్ కాపీ కదా. డూప్లికేట్ యాల వేసేది? అంగడిలో 300 రూపాయలు ఇస్తే ఒరిజినల్ విండోసే వేసిస్తారు.”

మేడమ్ కోప్పడలేదు. “ఆ 300 రూపాయల విండోస్ ఒరిజినలా? ఈ లినక్స్ డూప్లికేటా? బాగా ఆలోచించి చెప్పండి” అన్నారు. ఆ రోజు ఎవరమూ చెప్పలేకపోయాం. నేను ఆలోచించింది ఇక్కడ రాస్తున్నాను.

మా మామకు హోసూరులో జిరాక్స్ అంగడి ఉంది. మన పక్క కాపీ అంటే జిరాక్స్, జిరాక్స్ అంటే కాపీ. నిజానికి జిరాక్స్ అనేది అమెరికాలో ఒక కంపెనీ పేరు. 1959లో ఆ కంపెనీ తెచ్చిన 914 అనే మెషీన్‌తోనే ఆఫీసుల్లో కాగితాల కాపీలు తీయడం సులువైంది. విచిత్రం ఏమంటే, కంప్యూటర్ల చరిత్రలో ఎక్కువమంది కాపీ కొట్టింది కూడా జిరాక్స్ కంపెనీనే.

కాలిఫోర్నియాలో పార్క్ అనే పరిశోధనశాల జిరాక్స్‌ది. అక్కడ 1973లో ఆల్టో అనే కంప్యూటర్ చేసినారు. తెర మీద విండోలు, బొమ్మలు, చేతిలో మౌస్ అన్నీ దాంట్లో ఉన్నాయి. మౌస్ కూడా వాళ్ల సొంతం కాదు. డగ్లస్ ఎంగెల్‌బార్ట్ అనే ఆయన దాన్ని కనిపెట్టి 1968లోనే జనం ముందు నడిపి చూపించినాడు. ఈనాడు ప్రపంచమంతా మౌస్ పట్టుకుంటోంది, ఆయనకు మాత్రం రాయల్టీ రాలేదు.

1979లో ఆపిల్ కంపెనీ స్టీవ్ జాబ్స్, ఆయన మనుషులు పార్క్‌కి పోయి ఇవన్నీ చూసినారు. గోడ దూకి కాదు, జిరాక్స్ ఒప్పుకుంటేనే పోయినారు. బదులుగా ఆపిల్ కంపెనీ లక్ష షేర్లను పది లక్షల డాలర్లకు కొనుక్కునే అవకాశం జిరాక్స్‌కు ఇచ్చినారు. తరవాత 1983లో లిసా, 1984లో మాకింటాష్ వచ్చినాయి. 1985లో మైక్రోసాఫ్ట్ విండోస్ మొదటి వెర్షన్ వచ్చింది. దాంట్లో విండోలు ఒకదాని పక్కన ఒకటి పెంకులు పరిచినట్టు ఉండేవి, ఒకదాని మీద ఒకటి పడేవి కావు. 1987లో వచ్చిన రెండో వెర్షన్‌లో అవి కూడా ఒకదాని మీద ఒకటి వచ్చేసరికి ఆపిల్‌కు కోపం వచ్చి 1988లో కోర్టుకు పోయింది. “మా రూపం ఎత్తుకుపోయినారు” అని కేసు. అది చూసి జిరాక్స్ కూడా లేచి, “అసలు అది మాది” అని 1989లో ఆపిల్ మీద కేసు వేసింది! జిరాక్స్ కేసును కోర్టు చాలావరకు కొట్టేసింది. ఆపిల్ కూడా 1994లో పై కోర్టులో ఓడిపోయింది. ఆపిల్ తానే ముందు ఒక ఒప్పందంలో మైక్రోసాఫ్ట్‌కు చాలావాటికి అనుమతి ఇచ్చి ఉండింది. మిగిలినవాటిలో ఎక్కువ భాగం ఆలోచనలు, ఆలోచనకు కాపీరైట్ ఉండదు.

ఇది చదివినప్పుడు నాకు మొదట నవ్వు వచ్చింది. ఒకరి ఇంట్లో చూసి నేర్చుకున్న ముగ్గును వాకిట్లో వేసి, ఎదురింటి వాళ్లు అదే వేస్తే పోలీసు స్టేషన్‌కు పోయినట్టు ఉంది. కానీ ఆపిల్ వైపు కూడా ఒక మాట ఉంది. ఆపిల్‌లో బిల్ అట్కిన్సన్ అనే ప్రోగ్రామర్ ఉండేవాడు. పార్క్‌లో చూసినప్పుడు, ఒక విండో కింద సగం దాగి ఉన్న ఇంకో విండోలో కూడా బొమ్మ దానంతట అది సరిగ్గా గీసుకుంటోంది అని ఆయన అనుకున్నాడు. జిరాక్స్ వాళ్లు చేసినారంటే చేయగలమన్న మాటే కదా అని నిండా కష్టపడి దాన్ని చేసినాడు. తరవాత తెలిసింది, జిరాక్స్ వాళ్లు దాన్ని చేయనే లేదని! అంటే అక్కడ లేనిదాన్ని ఆయన ‘తీసుకున్నాడు’. దీన్ని కాపీ అనాలా, కనిపెట్టడం అనాలా?

నాకు గీత ఇక్కడే కనిపించింది. ఆలోచన తీసుకున్నవాడు పనిని మళ్లీ మొదటినుంచి చేయాలి. విండో ఎట్ల ఉంటుందో చూడడం ఒక నిమిషం, దాన్ని చేయడం ఏళ్ల పని. మొత్తంగా కాపీ కొట్టేవాడు ఆ పనిని కూడా ఎత్తుకుపోతాడు. అంగడిలో 300 రూపాయలకు వేసే విండోస్ అట్లాంటిది. దాంట్లో ప్రతి అక్షరం ఒరిజినల్‌దే, అందుకే అది దొంగ సరుకు. లినక్స్ మింట్‌లో మెనూ బటన్ విండోస్ మాదిరే ఉంది కానీ, దాని వెనక ఉన్న ప్రోగ్రాం వేరేవాళ్లు కూర్చొని రాసింది. చూపుకు డూప్లికేట్‌గా ఉండేది నిజానికి ఒరిజినల్, ఒరిజినల్‌గా కనిపించేది డూప్లికేట్. మేడమ్ అడిగింది దీని గురించే అని నాకు ఇప్పుడు తెలిసింది.

“ఎరువుల సొమ్ము బరువుల చేటు” అని మా అవ్వ అంటుంది. ఎరువు అంటే ఇక్కడ పొలానికి వేసేది కాదు, ఒకరిని అడిగి తెచ్చుకున్నది. పెళ్లికని పక్కింటి నగ తెచ్చుకుంటే వాళ్ల మెడ బోసిగా ఉంటుంది, మన గుండె దడదడ అంటుంది. ఆలోచన అట్ల కాదు. నేను మీ దగ్గర ఒక లెక్క పద్ధతి నేర్చుకుంటే మీ దగ్గర అది తగ్గిపోదు. ఈ మాట చాలామంది చెబుతారు, నిజమే. కానీ ఈ మాట ఒక్కటే పట్టుకుంటే దొంగ విండోస్ కూడా సరే అయిపోతుంది. నేను కాపీ తీసుకున్నంత మాత్రాన మైక్రోసాఫ్ట్ దగ్గర విండోస్ తగ్గిపోదు కదా! అందుకే ‘తగ్గిపోదు’ అనేది చాలదు. ఒక మనిషి చేసిన పనికి ఆయన వెల పెట్టినప్పుడు, కొనాలా వద్దా అనేది మన ఇష్టం, కానీ వెల లేదన్నట్టు ఎత్తుకోవడం మన ఇష్టం కాదు. మా మామ అంగడికి కొందరు పూర్తి గైడు తెచ్చి జిరాక్స్ తియ్యమంటారు. ఆయన తియ్యడు. పది పేజీలైతే తీస్తాడు. “పదకొండో పేజీకి పాపం మొదలవుతుందా మామా?” అని అడిగితే నవ్వి ఊరుకున్నాడు. గీత ఉందని ఆయనకు తెలుసు, స్కేలు పెట్టి గీసేకి రాదు, అంతే.

ఇంక లినక్స్ సంగతి. ఇది కూడా ఆకాశం నుంచి ఊడిపడలేదు. 1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ యూనిక్స్ మొదలుపెట్టినారు. 1987లో ఆండ్రూ టానెన్‌బామ్ అనే ప్రొఫెసర్ పిల్లలకు పాఠం చెప్పేకి, యూనిక్స్ మాదిరి నడిచే మినిక్స్ అనే చిన్న సిస్టమ్ రాసి, దాన్ని పుస్తకంలో అచ్చు వేయించినాడు. ఆ పుస్తకం చదివిన ఫిన్లాండ్ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ 1991లో, తన 21 ఏళ్ల వయసులో లినక్స్ రాసినాడు. 1992లో ఆ ప్రొఫెసరుకూ ఈ విద్యార్థికీ పెద్ద వాదన జరిగింది. లినక్స్‌ను కట్టిన తీరే పాతకాలంది అని ప్రొఫెసర్ అన్నాడు. విద్యార్థి కూడా తగ్గలేదు. అయితే 2004లో ఒక రచయిత, లినస్ మినిక్స్‌ను చూసి కాపీ కొట్టినాడన్నట్టు రాసినప్పుడు, కాదు, అతను తన కోడ్ తానే రాసుకున్నాడు అని లోకానికి చెప్పింది ఆ టానెన్‌బామే. వాదనలో తనను ఎదిరించినవాడిని దొంగ అంటుంటే ఆయన ఊరికే ఉండి ఉండొచ్చు. ఉండలేదు. ఈ కథలన్నిట్లో నాకు అందరికంటే నచ్చిన మనిషి ఈయనే.

లినక్స్ పెరగడానికి ఇంకొకాయన ఆలోచన కావలసి వచ్చింది. రిచర్డ్ స్టాల్‌మన్ అమెరికాలో ఎమ్ఐటీ ల్యాబ్‌లో పనిచేసేవాడు. అక్కడ పాత ప్రింటర్‌లో కాగితం ఇరుక్కుంటే, అది కంప్యూటర్ల దగ్గర ఉన్నవాళ్లకు తెలిసేలా ఆయన ప్రోగ్రాం మార్చుకున్నాడు. తరవాత కొత్త ప్రింటర్ వచ్చింది. అదీ జిరాక్స్‌దే! దాని ప్రోగ్రాం కోడ్ ఇవ్వలేదు. కోడ్ ఉన్న ఇంకో ల్యాబ్ మనిషిని అడిగితే, ఎవరికీ ఇవ్వనని మాట ఇచ్చినాను అని చెప్పేసినాడు. కాగితం ఇరుక్కుంటే ఎంత విసుగో జిరాక్స్ అంగడిలో పెరిగిన నాకు బాగా తెలుసు. బాగు చేసే తెలివి ఉండి కూడా చేయి కట్టేసినట్టు నిలబడడం ఇంకా విసుగు. ఆయన 1983లో గ్నూ అనే పనిని ప్రకటించినాడు, 1989లో జీపీఎల్ అనే లైసెన్స్ వచ్చింది. 1992లో లినక్స్ కూడా ఆ లైసెన్స్ కిందికి వచ్చింది. దాని సారం ఇది: ఈ ప్రోగ్రాం తీసుకో, చదువు, మార్చు, అమ్ముకో కూడా. కానీ ఇంకొకరికి ఇచ్చేటప్పుడు కోడ్‌తో సహా, ఇవే హక్కులతో ఇవ్వు.

దీని పక్కన బీఎస్‌డీ అనే ఇంకో రకం లైసెన్స్ ఉంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్కిలీలో పుట్టింది. అది ఇంకా ఉదారం: మా పేరు తీసెయ్యకుండా ఏమైనా చేసుకో, తాళం కూడా వేసుకో. ఆపిల్ ఈనాటి మాక్ సిస్టమ్‌లో బీఎస్‌డీ నుంచి వచ్చిన భాగాలు చాలా ఉన్నాయి. విండోస్‌లో ఉండే చిన్న ఎఫ్‌టీపీ ప్రోగ్రాంలో కూడా బర్కిలీ విశ్వవిద్యాలయం పేరు కనిపించేది.

ఈ రెండింటిలో ఏది గొప్ప అని నేను మా తెలుగు అయ్యోరిని అడిగినాను. ఆయనకు కంప్యూటర్ రాదు, ధర్మం తెలుసు. “షరతు పెట్టి ఇచ్చేది దానమా అప్పా? ఇచ్చినాక చేతులు కడుక్కోవాల. ఆ బర్కిలీ వాళ్లదే దానం” అన్నారు. నేను ఒప్పుకోలేదు. మా తాతగారి ఊరిలో చెరువు ఉంది. నీరుగంటి తూము తీసి ఎవరి వంతు వాళ్లకు నీళ్లు వదిలేవాడంట. నీ మడికి నీళ్లు పెట్టుకో, కానీ కాలువకు అడ్డం కట్ట వేసి కింది మడి వాడికి నీళ్లు ఆపొద్దు. ఇది షరతే. కానీ ఈ షరతు లేకపోతే చెరువు పై మడి వాడిది అయిపోతుంది. జీపీఎల్ షరతు కూడా ఇట్లాంటిదే అన్నాను. అయ్యోరు రొంతసేపు ఆలోచించి, “నీళ్లు అయితే కింది వాడికి తక్కువ పడతాయి. ఆలోచన తగ్గదంటివే. మరి కట్ట వేస్తే మాత్రం ఎవరికి నష్టం? అసలు కోడ్ ఉండనే ఉంటుంది కదా” అన్నారు. ఇది గట్టి ప్రశ్న. నా జవాబు ఇది: అసలు కోడ్ ఉంటుంది, నిజమే, కానీ తీసుకున్నవాడు దాన్ని బాగుచేసి తాళం వేస్తే జనం అంతా ఆ బాగైనదాని వెనకే పోతారు, బాగుచేసే చేతులు కూడా అటే పోతాయి, అసలుది ఎండిన కాలువ అవుతుంది. అయ్యోరు పూర్తిగా ఒప్పుకోలేదు. నేనూ ఆయన మాట పూర్తిగా కొట్టెయ్యలేను.

ఒకటి మాత్రం ఖాయం. తీసుకోనివాడు ఎవడూ లేడు. 2001లో మైక్రోసాఫ్ట్ అధిపతి స్టీవ్ బామర్ లినక్స్‌ను క్యాన్సర్‌తో పోల్చినాడు. 2016 నుంచి విండోస్ 10 లోపలే లినక్స్ ప్రోగ్రాములు నడిపే ఏర్పాటు మైక్రోసాఫ్టే పెట్టింది. ఒకే తెరను నాలుగు తెరల మాదిరి వాడుకునే సౌకర్యం లినక్స్‌లో ఎప్పటినుంచో ఉంది, విండోస్‌కు 2015లో సొంతంగా వచ్చింది. మన జేబుల్లో ఉండే ఆండ్రాయిడ్ ఫోన్ల కింద ఉండేది లినక్స్ కెర్నలే. “లినక్స్ ఎవరు వాడతారు” అనే మా స్నేహితుడు ఆ మాటను లినక్స్ మీదే టైప్ చేసి పంపినాడు!

మన తెలుగు అక్షరం కంప్యూటర్‌లో ఎట్ల ఉందో కూడా చెప్పాలి. ఇది మా తరగతిలో అందరికీ నచ్చిన సంగతి. కంప్యూటర్‌లో ప్రతి అక్షరానికీ యూనికోడ్ ఒక నంబర్ ఇస్తుంది. హిందీ ‘క’ 2325. తమిళ ‘క’ 2965. తెలుగు ‘క’ 3093. కన్నడ ‘క’ 3221. తమిళానికి 128 కలిపితే తెలుగు, తెలుగుకు 128 కలిపితే కన్నడ. మేము హోసూరు పిల్లలం మూడు భాషల నడుమ పెరుగుతాం కాబట్టి ఈ కూడిక చూసి భలే ముచ్చటపడినాం. ఇది యూనికోడ్ వాళ్ల సొంత బుద్ధి కాదు. మన దేశంలో ముందే చేసుకున్న ఇస్కీ అనే పద్ధతి 1988 రూపాన్ని వాళ్లు తీసుకున్నారు. మన లిపులన్నీ క, ఖ, గ, ఘ, ఙ అనే ఒకే వరసలో నడుస్తాయి కాబట్టి అన్నిటికీ ఒకే అచ్చు సరిపోతుంది అనేది ఇస్కీ ఆలోచన. తమిళంలో ఖ, గ, ఘ లేవు. అందుకే తమిళ ‘క’ తరవాత 2966, 2967, 2968 ఖాళీగా ఉన్నాయి, మూడు కుర్చీలు వేసి ఎవరూ కూర్చోనట్టు. ఈ అచ్చు తమిళానికి అతకలేదు అని వాదించే తమిళులు ఉన్నారు, వాళ్ల బాధలోనూ న్యాయం ఉంది. ఎరువు తెచ్చుకున్న చొక్కా అందరి భుజాలకూ ఒకేలా కూర్చోదు. కానీ అమెరికాలో తయారైన ప్రమాణం లోపల మన ఆలోచన ఉందని తెలిసినాక, “మనవాళ్లు అన్నీ అక్కడివే తీసుకుంటారు” అనే మాట నేను నమ్మడం మానేసినాను.

లినక్స్‌లో తెలుగు చదువుకునేకి పోతన, వేమన అనే ఫాంట్లు దొరుకుతాయి. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు వాటిని చేసి ఉచితంగా ఇచ్చినారు. విండోస్‌లో గౌతమి అనే ఫాంట్ ఉంటుంది. గౌతమి కూడా చక్కగానే ఉంటుంది, కాదనను. కానీ దాంట్లో ఒక ఒత్తు నచ్చకపోతే నేను నచ్చలేదు అనగలను, అంతే. పోతనలో నచ్చకపోతే నేర్చుకొని మార్చవచ్చు, మార్చినదాన్ని ఇంకొకరికి ఇవ్వవచ్చు.

మా నాయన మాట కూడా రాయాలి. “ధర్మం సరే. రేపు పనికి పోతే ఏ ఆఫీసులో లినక్స్ ఉంటుంది? వర్డ్, ఎక్సెల్ రాకపోతే పని ఎవరిస్తారు?” అన్నాడు. చాలామంది తల్లిదండ్రుల మాట ఇదే. కొట్టిపారేసే మాట కాదు. మన తమిళనాడులో 2011లో మొదలైన ఉచిత ల్యాప్‌టాప్ పథకంలో విండోస్‌తో పాటు బాస్ అనే మన దేశపు లినక్స్ కూడా వేసి ఇచ్చినారు. మా వీధిలో ఒక అక్కకు అట్లాంటి ల్యాప్‌టాప్ ఉంది. “ఆ పక్క నేను తెరవనే లేదు, ఎవరూ చెప్పియ్యలేదు” అంటుంది. ఉచితంగా ఇచ్చినంత మాత్రాన చాలదు, నేర్పించేవాళ్లు కావాలి. కేరళ ప్రభుత్వ బడుల్లో టీచర్లకు ముందు నేర్పించి, పిల్లలకు లినక్స్ మీదే పాఠాలు చెబుతున్నారు. అక్కడి పిల్లలకు పని దొరకకుండా పోలేదు కదా అని నాయనకు చెప్పినాను. ఎక్సెల్‌లో కూడిక ఎట్ల వేస్తారో లిబ్రే ఆఫీసులోనూ అట్లే వేస్తారు. ఒకరిది ఒకరు తీసుకున్నారు కాబట్టే ఒకటి నేర్చుకుంటే రెండోది సగం వచ్చేస్తుంది. ఆలోచనకు కూడా తాళం వేసుకునే వీలుంటే, ప్రతి కంపెనీ కంప్యూటర్‌కూ మనం మళ్లీ అ, ఆ ల నుంచి దిద్దుకోవాల్సి వచ్చేది. నాయన “చూద్దాంలే” అన్నాడు. మా నాయన దగ్గర ఆ మాట రావడమే ఎక్కువ.

చివరికి హెడ్మాస్టర్ సార్, మేడమ్, పేరెంట్స్ కూర్చొని మాట్లాడుకున్నారు. 300 రూపాయల విండోస్ వద్దు అనేది మొదటే తేలిపోయింది. నీతి పాఠం చెప్పే బడిలో దొంగ సరుకు పెట్టుకుంటే పిల్లల మొహం ఎట్ల చూసేది అని సార్ అన్నారంట. 12 కంప్యూటర్లలో లినక్స్ వేసినాం. మిగిలిన రెండింటిలో విండోస్ అట్లే ఉంచి, ఇంటర్నెట్ తీసేసి, వర్డ్, ఎక్సెల్ చూపించేకి పెట్టుకున్నాం. ఈ వ్యాసం నేను టైప్ చేసింది లినక్స్‌లోనే, ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు మీద. తమిళ ‘క’ ఏ మీట నొక్కితే వస్తుందో తెలుగు ‘క’ కూడా అదే మీటకు వస్తుంది.

అన్నీ సాఫీగా లేవు. నాలుగు కంప్యూటర్లకు ఉన్న చిన్న వైఫై డాంగిల్‌లు లినక్స్‌లో పనిచేయడం లేదు. వాటిని చేసిన కంపెనీ లినక్స్‌కు డ్రైవర్ ఇవ్వలేదు, లోపల ఎట్ల ఉందో కాగితం కూడా ఇవ్వలేదు. ఎవరో పుణ్యాత్ముడు బయటినుంచి చూసి, కనుక్కొని, ఒక డ్రైవర్ రాసి పెట్టినాడు. అది మా దగ్గర ఉన్న కొత్త కెర్నల్‌తో పొసగడం లేదు. మేడమ్, నేను, ఇంకో ఇద్దరం శనివారాలు దాంతోనే కూర్చుంటున్నాం. అంతవరకూ ఆ నాలుగింటికి పెన్‌డ్రైవే దిక్కు.